మాస్టారు చూపించిన కుందేలు

మన బళ్లో డ్రాయింగ్ మాస్టారికి సినిమాలంటే ప్రాణం. ఆయన సినిమా చూసే తీరే వేరు. కథ ఎలా ఉందిరా అని అడిగేవారు కాదు. ఆ సీనులో వెలుగు ఎటునుంచి పడింది, నీడ ఎటు పోయింది అని అడిగేవారు. మా తొమ్మిదో తరగతిలో బాలల దినోత్సవానికి హెడ్‌మాస్టారిని ఒప్పించి, వీసీఆర్ అద్దెకు తెప్పించి, ఎవరి ద్వారానో సంపాదించిన ఒక క్యాసెట్ వేశారు. అదే 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'.

1988లో రాబర్ట్ జెమెకిస్ తీసిన హాలీవుడ్ సినిమా అది. 1947 నాటి లాస్ ఏంజెలిస్‌లో మనుషులూ కార్టూన్ బొమ్మలూ కలిసి బతుకుతుంటారు. హత్యానేరం నెత్తిన పడ్డ రోజర్ అనే కుందేలు, ఎడ్డీ అనే డిటెక్టివ్‌ని పట్టుకుని వదలదు. ఎడ్డీగా బాబ్ హాస్కిన్స్ చేశాడు.

ఇంగ్లీషు డైలాగులు మాకు సగం కూడా అర్థం కాలేదు. ఆ లోటే తెలియలేదు. డోనాల్డ్ డక్, డాఫీ డక్ చెరో పియానో ముందు కూర్చుని పోటీపడుతుంటే హాలంతా ఈలలు. ఒకటి డిస్నీ వారి బాతు, ఇంకొకటి వార్నర్ బ్రదర్స్ వారి బాతు. మామూలుగా ఒకదాని సినిమాలోకి ఇంకొకటి అడుగు పెట్టదు. ఆ తరవాత ఎడ్డీ ఆకాశం నుంచి కిందికి పడిపోతుంటే, అటు మిక్కీ మౌస్, ఇటు బగ్స్ బన్నీ పారాచూట్లు తగిలించుకుని తాపీగా కబుర్లాడతాయి. స్పేర్ పారాచూట్ ఉందా అని ఎడ్డీ అడిగితే చివరికి అతని చేతికి వచ్చేది స్పేర్ టైరు! మా వెనక బెంచీల వాళ్లు ఆ సీను రెండోసారి వేయించుకునేదాకా ఊరుకోలేదు.

విలన్ జడ్జి డూమ్ మాత్రం చిన్నపిల్లల్ని బాగా భయపెట్టాడు. పాపం ఒక బుల్లి బూటు బొమ్మని తీసుకెళ్లి రసాయనంలో ముంచి కరిగించేస్తాడు. ఆరో తరగతి పిల్లలు కొందరు ఏడ్చారు. నాకు ఇప్పటికీ ఆ సీను చూడాలంటే మనసొప్పదు. ఆ రసాయనం టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్ కలిపిన మిశ్రమం. మర్నాడు మాస్టారు కుంచెలు కడిగే టర్పెంటైన్ సీసా తెచ్చి, ఎండిన ఆయిల్ పెయింట్ మరక మీద గుడ్డతో రుద్ది చూపించారు. రంగు ఊడి వచ్చింది. రంగుతో పుట్టినవాళ్లకి రంగుని కరిగించేదే చావు అన్నారు. సినిమా కథ అంత లెక్కగా రాసి ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

ఆయన క్యాసెట్‌ని పదేపదే ఆపి చూపించిన సీను ఒకటుంది. బార్ వెనక చీకటి గదిలో ఎడ్డీ తల తగిలి వేలాడే దీపం ఊగుతుంది. దీపం అటూ ఇటూ పోతున్నకొద్దీ గదిలో నీడలన్నీ కదులుతాయి. గీసిన బొమ్మ అయిన రోజర్ మీద కూడా వెలుగూ నీడా అదే లెక్కన మారుతుంటాయి. "దీపం తగలకపోయినా కథ నడిచేది. వాళ్లు కావాలనే కష్టం తెచ్చిపెట్టుకున్నారు, చూడండర్రా" అన్నారు మాస్టారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ కంపెనీలో కాంపోజిటింగ్, అంటే విడివిడిగా తయారైన దృశ్యాల్ని ఒకే షాట్‌గా కలిపే పని చేస్తున్నాను. నటుడు ఖాళీలోకి చూస్తూ నటించిన షాట్లు రోజూ నా స్క్రీన్ మీదకి వస్తాయి. అందుకే ఆ సినిమా విలువ నాకు ఏటేటా పెరుగుతోంది. బొమ్మల పని నడిపించిన రిచర్డ్ విలియమ్స్‌కి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. కంప్యూటర్ సాయం లేకుండా, ఒక్కో ఫ్రేముని ఫొటోగా పెద్దది చేసి, దాని మీద చేత్తో గీశారు. నీడకి ఒక పొర, మెరుపుకి ఒక పొర విడిగా చేసి, ఫిల్ము పొరల్ని ఒకే ఫిల్ము మీదకి ఎక్కించే ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రం మీద కలిపారు. బొమ్మ పట్టుకున్నట్టు కనపడే తుపాకులూ గ్లాసులూ నిజమైనవే. తీగలతోనో యంత్రాలతోనో వాటిని కదిలించారు. రోజర్‌కి గొంతు ఇచ్చిన చార్ల్స్ ఫ్లైషర్ కుందేలు వేషం వేసుకుని కెమెరా పక్కన నిలబడి డైలాగులు చెప్పేవాడు.

ఇంత చేసినా, హాస్కిన్స్ చూపు ఒక్క అంగుళం తప్పితే అంతా వృథా అయ్యేది. ఎదురుగా ఎవరూ లేకపోయినా అతను సరిగ్గా కుందేలు కళ్లలోకే చూస్తాడు. చెవులు పట్టి లేపితే చేతిలో బరువు తెలుస్తుంది. లేని స్నేహితులతో ఆడుకునే తన చిన్న కూతుర్ని గమనించి అది నేర్చుకున్నాడట. బొమ్మ ఎంత బాగా గీసినా, పక్కనున్న మనిషి నమ్మితేనే మనం నమ్ముతాం. మా టీమ్‌లోకి కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చూపించేది ఆ షాట్లే.

మొన్న సెలవుల్లో మా అమ్మాయికి కూడా వేసి చూపించాను. బూటు సీను దాటించేశాను. పడీపడీ నవ్వి, అయిపోయాక "షూటింగ్‌లో రోజర్‌కి ఏం పెట్టేవాళ్లు నాన్నా?" అని అడిగింది. మాస్టారికి ఫోన్ చేసి ఆ మాట చెబితే ఎంత సంబరపడ్డారో! వచ్చే ఏడాది మన పూర్వ విద్యార్థుల కలయికకి ఆయన వస్తానన్నారు. సాయంత్రం భోజనాల తరవాత పిల్లలందరినీ కూర్చోబెట్టి ఈ సినిమా వేద్దాం. ప్రొజెక్టర్ నేను తెస్తాను. హాలు సంగతి, కిటికీలకి కట్టే నల్ల గుడ్డల సంగతి ఊళ్లో ఉన్నవాళ్లు చూడండి.