ఖాళీ అంటే సున్నా కాదండీ బాబూ

క్లినికల్ డేటా ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న ఒకటే, డేటా లెక్కలకి వాడే లాంగ్వేజ్‌లు రెండింట్లో సాస్ (SAS) నేర్చుకోవాలా ఆర్ (R) నేర్చుకోవాలా అని. ఏదో ఒకటి మొదలుపెట్టండి, ఒకటి వస్తే రెండోది అదే వస్తుంది, దానికి అంత బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నన్నడిగితే లాంగ్వేజ్ కంటే ముందు వంటబట్టాల్సింది ఇంకోటుంది, డేటాలో విలువ లేని ఖాళీ గడిని ఎలా చూడాలి అనేది. మందుల ట్రయల్ అయినా హెల్త్ సర్వే అయినా మన తలనొప్పులు ఉన్న నంబర్లతో కంటే లేని నంబర్లతోనే ఎక్కువ, కోర్సుల్లో మాత్రం దీన్ని ఒక్క స్లైడ్‌లో తేల్చేసి వెళ్ళిపోతారు.

ఒక్క గడి తీసుకుందాం. పన్నెండో వారం విజిట్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఖాళీ. పేషెంట్ అసలు విజిట్‌కే రాలేదా, వచ్చాడు గానీ రక్తం తీయలేదా, తీశారు గానీ శాంపిల్ పాడైపోయిందా, ల్యాబ్ రిజల్ట్ పంపింది గానీ సైట్‌లో, అంటే ట్రయల్ జరిగే హాస్పిటల్‌లో, ఎవరూ ఎంటర్ చెయ్యలేదా, లేకపోతే ఆ మనిషి పదో వారంలోనే చనిపోయాడా? సాస్‌లో ఈ ఐదింటికీ కనిపించేది ఒకటే, ఒక చుక్క. ఎనాలిసిస్‌కి వచ్చేసరికి ఐదూ ఐదు రకాలు. ఎంటర్ చెయ్యనిదైతే క్వెరీ వేస్తే, అంటే ఇదేంటో చూడండని సైట్‌కి రాసి అడిగితే వస్తుంది, పాడైన శాంపిల్ అయితే ఎంత క్వెరీ వేసినా రాదు, చనిపోయినవాళ్ళ క్రియాటినిన్‌ని మిస్సింగ్ అనడంలోనే అర్థం లేదు. మందుల ట్రయల్స్‌కి అంతర్జాతీయ గైడ్‌లైన్లు రాసే ఐసీహెచ్ వాళ్ళు 2019లో తమ స్టాటిస్టిక్స్ గైడ్‌లైన్ ఈ9కి ఆర్1 (R1) అని అనుబంధం తెచ్చింది ఈ గొడవ గురించే, మందు ఆపేసినా, వేరే మందు మొదలుపెట్టినా, చనిపోయినా ఆ తర్వాతి డేటాని ఎలా చూడాలో ముందే రాసుకోండి అని. అంతకుముందు చాలా ట్రయల్స్‌లో చివరి విలువని ముందుకి లాగేసి నింపేసేవాళ్ళు, పని సులువు, నాకైతే ఆ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు.

అందుకే ఎస్‌డీటీఎంలో, అంటే ట్రయల్ డేటాని అమర్చే స్టాండర్డ్ ఫార్మాట్‌లో, టెస్ట్ చెయ్యలేదని చెప్పడానికి ఒక వేరియబుల్, ఎందుకు చెయ్యలేదో చెప్పడానికి ఇంకో వేరియబుల్ పెట్టారు. కానీ ఫార్మ్ డిజైన్ చేసినప్పుడే "చెయ్యలేదు" అనే చెక్‌బాక్స్, కారణం గడి లేకపోతే ఆ తర్వాత ఏ ప్రోగ్రామరూ ఏమీ చెయ్యలేడు. చివర్లో డేటాబేస్ లాక్‌కి (ఇక డేటా మార్చకుండా మూసెయ్యడానికి) ముందు సైట్లకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. ఇంకోటి, సమాధానం మనకి కళ్ళముందే కనిపిస్తున్నా డేటా మేనేజర్ గడి నింపకూడదు, క్వెరీ వెయ్యాలి, సైట్ వాళ్ళే మార్చాలి, ఎవరు ఎప్పుడు మార్చారో ఆడిట్ ట్రెయిల్‌లో ఉండాలి. అమెరికాలో ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 1997 నుంచీ ఉన్న పార్ట్ 11 రూల్ ఈ ఆడిట్ ట్రెయిల్‌నే అడుగుతుంది. కొత్తవాళ్ళకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఖాళీలా కనిపించి ఖాళీ కానివి ఇంకా ప్రమాదం. హెచ్ఐవీ ట్రయల్‌లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) రిజల్ట్ చాలాసార్లు "<50" అని వస్తుంది, అంటే మెషీన్ కొలవగలిగే హద్దు కంటే తక్కువ అని. అది టెక్స్ట్ కాబట్టి క్యారెక్టర్ కాలమ్‌లో ఉంటుంది, న్యూమరిక్ కాలమ్ ఖాళీ. ఎవరైనా న్యూమరిక్ కాలమ్ ఒక్కటే లాక్కుని సగటు తీశారనుకోండి, మందు బాగా పనిచేసిన వాళ్ళందరూ లెక్కలోంచి మాయం, పనిచెయ్యని వాళ్ళే మిగులుతారు!

ఇక లాంగ్వేజ్‌ల సంగతి. వయసు తెలియని ఒక పేషెంట్ ఉన్నాడనుకోండి. సాస్‌లో మిస్సింగ్ అంటే అన్ని నంబర్ల కంటే చిన్నది, కాబట్టి "వయసు < 18" అని రాస్తే ఆయన పిల్లల గ్రూప్‌లో పడతాడు. స్టాటా అని ఇంకో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో సరిగ్గా ఉల్టా, మిస్సింగ్ అన్నిటికంటే పెద్దది, "వయసు > 60" అంటే ముసలివాళ్ళలో చేరిపోతాడు. ఆర్‌లో బ్రాకెట్లు పెట్టి తీస్తే వరస మొత్తం ఎన్ఏలతో (ఆర్‌లో మిస్సింగ్ గుర్తు) వస్తుంది, ఆర్‌లోనే డీప్లైర్ అనే ప్యాకేజీ ఫిల్టర్ వాడితే చప్పుడు లేకుండా జారిపోతాడు, డేటాబేస్‌ల లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్‌లో కూడా అంతే. మనిషి ఒక్కడే, ఒకచోట పసివాడు, ఒకచోట వృద్ధుడు, ఇంకోచోట అసలు లేడు. ఏ టూల్‌లోనూ ఎర్రర్ రాదు. ఒకే పనిని ఒకళ్ళు సాస్‌లో, ఇంకొకళ్ళు ఆర్‌లో విడివిడిగా చేసి డబుల్ ప్రోగ్రామింగ్ చేసుకుంటే ఇలాంటివి రెండు రిజల్ట్‌లనీ కంపేర్ చేసినప్పుడు బయటపడతాయి, అందుకే నాకు ఆ పద్ధతంటే ఇష్టం. ఇద్దరూ సాసే అయితే ఇద్దరూ కలిసి ఒకే గోతిలో పడే ఛాన్స్ ఉంది మరి.

సర్వే డేటా వాళ్ళ బాధలు వేరు, అక్కడ ఖాళీలకి బదులు 98, 99, 999 లాంటి కోడ్‌లు ఉంటాయి. అన్నీ తీసిపారేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నడిపే బీఆర్ఎఫ్ఎస్ఎస్ అనే హెల్త్ సర్వేలో "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు ఒంట్లో బాగోలేదు" అనే ప్రశ్నకి 77 అంటే తెలీదు, 99 అంటే చెప్పనన్నారు, 88 అంటే మాత్రం ఒక్కరోజు కూడా లేదు అని, అంటే సున్నా. మూడింటినీ మిస్సింగ్ చేస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మొత్తం ఎగిరిపోతారు, ముట్టుకోకుండా వదిలేస్తే అందరికంటే ఆరోగ్యవంతులు 30 రోజుల్లో 88 రోజులు జబ్బు పడ్డట్టు వస్తుంది. ఏ కోడ్‌కి ఏ అర్థమో చెప్పే కోడ్‌బుక్ చదవకుండా సర్వే డేటా తెరిచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట.

రీకోడింగ్‌లో, అంటే పాత కోడ్‌లని కొత్త కోడ్‌లుగా మార్చేటప్పుడు, "ఎల్స్" (లేకపోతే) అనే మాట చూస్తే ఆగండి. "1 అయితే అవును, ఎల్స్ కాదు" అని రాయగానే మిస్సింగులన్నీ కాదులోకి వెళ్ళిపోతాయి. ప్రతి రీకోడ్ కొత్త వేరియబుల్‌లోకే చెయ్యండి, పాతదానికీ కొత్తదానికీ మిస్సింగ్‌తో సహా క్రాస్‌టాబ్ (ఏ పాత విలువ ఏ కొత్త విలువ అయిందో చూపే పట్టిక) తీయండి, రెండు నిమిషాల పని. జామా అనే మెడికల్ జర్నల్‌లో 2018లో ఒక సీఓపీడీ (ఊపిరితిత్తుల జబ్బు) ట్రయల్ వచ్చింది, 240 మంది పేషెంట్లు, డిశ్చార్జ్ తర్వాత ప్రత్యేక సపోర్ట్ ఇస్తే మళ్ళీ హాస్పిటల్‌కి రావడం తగ్గిందని. తర్వాత తెలిసిందేంటంటే గ్రూప్ కోడ్‌ని 1, 2 నుంచి 0, 1కి మార్చినప్పుడు తిరగబడిందట, సపోర్ట్ ఇచ్చినవాళ్ళే నిజానికి ఎక్కువగా వచ్చారు. 2019లో పేపర్ వెనక్కి తీసుకుని సరిచేసి మళ్ళీ వేశారు. తప్పుని వాళ్ళే కనిపెట్టి బయటపెట్టారు, అది మెచ్చుకోవాలి.

తేదీల్లో సగం ఖాళీలు ఉంటాయి. "2019 మార్చిలో తలనొప్పి మొదలైంది, తారీకు గుర్తులేదు" అంటే ఎస్‌డీటీఎంలో 2019-03 వరకే ఉంచాలి, ఒకటో తారీకు అని మన సొంతంగా తగిలించకూడదు. ఎనాలిసిస్ డేటాసెట్‌లో నింపొచ్చు, నింపామని పక్కన ఫ్లాగ్ (గుర్తు) పెట్టాలి. మందు కూడా అదే మార్చిలో మొదలైతే ఆ తలనొప్పి మందుకి ముందా తర్వాతా? మామూలుగా తర్వాతే అనుకుని సేఫ్టీ టేబుల్‌లో, అంటే మందు వల్ల వచ్చిన ఇబ్బందుల పట్టికలో, లెక్కేస్తారు, మందుని వెనకేసుకురాకూడదు కదా. ఈ రూల్ మాత్రం ఎవరికి ఏ మందు వెళ్ళిందో తెలియకముందే ఎనాలిసిస్ ప్లాన్‌లో రాసి ఉండాలి.

గడి కాదు, వరసకి వరసే పోతే ఎవరికీ ఖాళీ కూడా కనిపించదు. 2020 అక్టోబర్ మొదట్లో ఇంగ్లాండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదని బయటపడింది. ల్యాబ్ ఫైళ్ళని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి లోడ్ చేశారు, ఆ ఫార్మాట్‌లో షీట్‌కి 65,536 వరసలే పడతాయి, మిగతావి తెగిపోయాయి. ఆ కేసుల కాంటాక్ట్‌లని వెతకడం ఆలస్యమైంది. ఎన్ని వరసలు వచ్చాయి, ఎన్ని లోడ్ అయ్యాయి అని రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు, ఇంతకంటే బోరు కొట్టే చెక్ ఉండదు గానీ నేను ప్రతి మెర్జ్ (రెండు డేటాసెట్లని కలపడం) తర్వాత కూడా ఇదే చేస్తా.

చివరగా సాస్ లాగ్, అంటే ప్రోగ్రామ్ నడిచాక సాస్ రాసిచ్చే రిపోర్ట్. ఎర్రర్, వార్నింగ్ లేవు కాబట్టి క్లీన్ అనేస్తారు, అసలు సంగతులన్నీ నోట్స్‌లో ఉంటాయి. మెర్జ్‌లో రెండు వైపులా డూప్లికేట్లు ఉన్నా నోటే, మిస్సింగ్ మీద లెక్క చేసి ఇంకో మిస్సింగ్ పుట్టినా నోటే. ఆ రెండో నోట్ పోగొట్టడానికి జనం చేసే పని ఏంటంటే, ప్లస్ తీసేసి, మిస్సింగ్‌లని వదిలేసి మిగతావి కూడే సమ్ ఫంక్షన్ పెట్టడం. నోట్ పోతుంది, లాగ్ తళతళలాడుతుంది. పీహెచ్‌క్యూ-9 డిప్రెషన్ స్కోర్ తీసుకోండి, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పేషెంట్ ఆరు ప్రశ్నలకే జవాబిస్తే సమ్ ఫంక్షన్ ఆ ఆరింటినే కూడేస్తుంది, మిగతా మూడూ సున్నా అన్నట్టే. దాంతో ఫార్మ్ నింపే ఓపిక కూడా లేనంతగా కుంగిపోయిన మనిషి టేబుల్‌లో కాస్త కోలుకున్నట్టు కనిపిస్తాడు. ఎన్ని జవాబులు ఉంటే స్కోర్ ఇవ్వొచ్చో స్కోరింగ్ రూల్‌లో చూడండి, అక్కడ దొరక్కపోతే స్టాటిస్టీషియన్‌ని మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో అడిగితే మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.