ఏటీపీలో శక్తి బంధంలో దాక్కుని ఉండదు

కణాలు తమ పనులకు శక్తి కోసం వాడుకునే అణువు ఏటీపీ. దాని పాఠంలో నేను ప్రతిసారీ ఆగిపోయే మాట ఒకటుంది: "బంధం తెగితే శక్తి వస్తుంది." కాదు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే. ఏటీపీ నీటితో చర్య జరిపాక మిగిలే ఏడీపీ (ఒక ఫాస్ఫేట్ తగ్గిన ఏటీపీ), ఊడిన ఫాస్ఫేట్ కలిపి చూస్తే ఏటీపీ కన్నా స్థిరమైనవి. లాభం ఆ తేడాలో ఉంది. ప్రామాణిక పరిస్థితుల్లో అది మోల్‌కు సుమారు 30.5 కిలోజౌళ్లు. బతికున్న కణంలో 50 దాకా పోతుంది, ఎందుకంటే కణం ఏటీపీని ఏడీపీ కన్నా చాలా ఎక్కువగా నిలబెట్టుకుంటుంది.

అయినా ఊరికే విడిపోతే మిగిలేది వేడే. పని జరగాలంటే ఆ చర్య ప్రోటీన్ ఆకారాన్ని మార్చాలి. కణం పొరలో ఉండి సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే ప్రోటీన్, సోడియం-పొటాషియం పంపునే చూడండి. లోపలివైపు 3 సోడియం అయాన్లు కూర్చుంటాయి, ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ వచ్చి పంపుకు అతుక్కుంటుంది, పంపు బయటికి తెరుచుకుని వాటిని వదిలేస్తుంది. బయట 2 పొటాషియం అయాన్లు ఎక్కగానే ఫాస్ఫేట్ ఊడిపోతుంది, పంపు మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఎంత పొందికైన యంత్రమో!

కండరంలో ఇంకో వింత. అక్కడ మయోసిన్ అనే ప్రోటీన్ ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగును పట్టి లాగితేనే కండరం సంకోచిస్తుంది. మయోసిన్ ఆక్టిన్‌ను పట్టుకోవడానికి కాదు, వదలడానికి ఏటీపీ వచ్చి అతుక్కోవాలి. చనిపోయాక శరీరం బిగుసుకుపోయేది అందుకే: ఏటీపీ అయిపోయింది, పట్టు వీడలేదు.

అన్నట్టు, కణంలో ఏటీపీ ఎక్కువగా మెగ్నీషియంతో జతకట్టే ఉంటుంది. చాలా ఎంజైములకు కావాల్సింది ఆ జంటే.