మావాడి పల్లె వెలుగు

"అమ్మా, పల్లెలో 'ల' కింద ఏం రాయాలి?"

గిన్నెలు కడుగుతున్నదాన్ని చెయ్యి అలాగే ఆపేశాను. మావాడికి పదమూడేళ్లు. వారాంతపు తెలుగు క్లాసులకు రెండేళ్లు తిప్పి, ఒత్తుల దగ్గర వాడూ నేనూ ఇద్దరం ఏడ్చి, చివరికి మానిపించి నాలుగేళ్లయింది. అలాంటివాడు తనంతట తాను ఒత్తు అడుగుతున్నాడు. చేతులు తుడుచుకుంటూ వెళ్లి చూస్తే డైనింగ్ టేబుల్ నిండా గ్రాఫ్ కాగితాలు. ఒకదాని మీద కోసుగా ఉన్న అంతరిక్ష నౌక ప్లాను. పైన పెన్సిలుతో 'పల' అని రాసి ఆగి ఉంది.

"ల కింద ల ఒత్తేరా. ఏంటిది?"

"నా షిప్ క్లాస్ పేరు. పల్లె వెలుగు."

కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

మేముండేది అమెరికాలో, ఇల్లినాయ్‌లో, బ్లూమింగ్టన్-నార్మల్ అనే జంట ఊళ్లలో. మా ఇల్లు నార్మల్ వైపు. ఇండియాలో కొత్తవాళ్లు ఎవరు కలిసినా ఇదే తంతు. "ఎక్కడుంటారు?" "నార్మల్." "అందరం నార్మల్‌గానే ఉన్నాంలెండి, ఏ ఊరు?" చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, మధ్యలో ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ హెడ్డాఫీసు. ఆ కంపెనీ కంప్యూటర్ పనుల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లలో మావారూ ఒకరు.

ఇదే ఊళ్లో 1973లో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అని ఒక చిన్న కంపెనీ మొదలైంది. 1996లో మూతపడింది. వాళ్లు 1977లో 'ట్రావెలర్' అనే ఆట తెచ్చారు. మార్క్ మిల్లర్ రాశాడు. ఒక చిన్న పెట్టె, అందులో మూడు నల్లట్ట పుస్తకాలు, అంతే. బోర్డు లేదు, పావులు లేవు. నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై మాట్లాడతారు. అనుమానం వచ్చిన చోట రెండు పాచికలు వేస్తారు. బేస్‌మెంట్ ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన, మావారి ఆఫీసులోనే, ఆ పెట్టె మావాడికి ఇచ్చేశాడు. అప్పట్నుంచి వాడు ఫోన్ పక్కన పెట్టి పుస్తకం పట్టుకున్నాడు. నేను మొదట్లో సంతోషించి, తర్వాత టెన్షన్ పడి (ఆల్జీబ్రా టెస్టు ముందు రోజు కూడా అదే పుస్తకం), ఆ తర్వాత నేనే అందులో పడ్డాను.

అందులో పడటానికి కారణం ఒక అపార్థం. పుస్తకంలో ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి పై తరగతి టిక్కెట్టు 'సీఆర్ 10,000' అని ఉంది. "పదివేల కోట్లా!" అన్నాను. మావాడు నా వైపు జాలిగా చూసి, సీఆర్ అంటే క్రెడిట్లు అన్నాడు. వాణ్ని ఏం చేస్తాం, సీఆర్ చూస్తే కోటి గుర్తుకు రాని దేశంలో పుట్టాడు.

ఈ ఆటలో నాకు ముందు నచ్చింది పాత్రను తయారుచేసే పద్ధతి. పద్దెనిమిదేళ్లకు ఉద్యోగంలో చేరతావు. నాలుగేళ్లకో టర్ము. ప్రతి టర్ముకీ పాచికలు వేయాలి. సరిగ్గా పడకపోతే ఆట మొదలుకాకముందే నీ పాత్ర చచ్చిపోతుంది. ఇదేం అన్యాయంరా అన్నాను. పక్క గదిలోంచి మావారు, "మేం హెచ్‌-1 లాటరీకి ఎన్నిసార్లు వేశామో వాడికి చెప్పు" అన్నారు.

ఇక నౌక. పుస్తకంలో ఫ్రీ ట్రేడర్ అని ఒక మామూలు సరుకుల ఓడ ఉంది. 200 టన్నులు. టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, చోటు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టేంత, సుమారు 14 ఘనపు మీటర్లు. ఏ విమానం ఎక్కబోయినా 23 కిలోల సూట్‌కేసును కొక్కెం కాటాకు వేలాడదీసి, గోంగూర పచ్చడి సీసా తీసి పెట్టే నాకు ఈ లెక్క మొదట ఎక్కలేదు. కాగితం మీద వేసి చూశాక తెలిసింది. ఇంజన్లన్నీ కలిపి 15 టన్నులు. పైలట్ కూర్చునే బ్రిడ్జి 20. కంప్యూటర్ 1. ఇంధనం 30. మనుషుల గదులు పది, ఒక్కోటి 4 టన్నుల చొప్పున 40. మనుషుల్ని గడ్డకట్టించి పడుకోబెట్టే అరలు ఇరవై, అరకు అర టన్ను, మొత్తం 10. తుపాకుల కోసం 2. మిగిలింది 82 టన్నులు, సరుకుకి. కూడితే సరిగ్గా 200. ఎక్కడా గుండుసూది పట్టదు.

ఆ గడ్డకట్టించే అరల టిక్కెట్టు వెయ్యి క్రెడిట్లే. కానీ దిగేటప్పుడు రెండు పాచికలు వేసి 5 గానీ ఆపైన గానీ పడాలి, లేకపోతే మనిషి లేవడు. మంచి డాక్టరు ఓడలో ఉంటే ఒకటి కలుపుతారు. ఆరుగురిలో ఒకరు పోయే టిక్కెట్టు ఎవరు కొంటారురా అని అడిగితే, "డబ్బుల్లేనివాళ్లు" అన్నాడు. దానికి నేనేమీ అనలేకపోయాను.

ఫ్రీ ట్రేడర్ జంప్-1 ఓడ. అంటే ఒక్క దూకుడుకు ఒక పార్సెక్ (నక్షత్రాల మధ్య దూరానికి కొలత). పక్కనున్న నక్షత్రం దాకా మాత్రమే. ఒక పార్సెక్ దూకినా, ఆరు పార్సెక్‌లు దూకే పెద్ద ఓడైనా, పట్టేది వారమే. కాబట్టి మావాడికి జంప్-2 కావాలి. ఓడను అప్‌గ్రేడ్ చేస్తానన్నాడు. అప్పుడు గుర్తుకొచ్చిందట వాడికి బస్సు.

2024 జూన్‌లో మిర్యాలగూడ నుంచి మా అమ్మగారి ఊరికి పల్లె వెలుగులో వెళ్లాం. కారు పెట్టుకుందామంటే మా అమ్మ ఒప్పుకోలేదు, ఆడవాళ్లకు ఫ్రీ పెట్టుకొని కారెందుకని. ఆమె ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. నాకూ మావాడికీ డబ్బులిచ్చి కొన్నాం. వాడికది పెద్ద వింత. ప్రతి స్టేజీకీ ఆగడం, కండక్టర్ "హోల్డాన్" అనగానే ఆగి "రైట్ రైట్" అనగానే కదలడం, ఎవరిదో ఎరువుల బస్తా వాడి కాళ్ల మీదకు జరగడం. సగం దారిలో వెనకనుంచి ఒక ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని దాటుకుపోయింది. మనం అది ఎక్కొచ్చుగా అన్నాడు. "అది మన ఊళ్ల ఆగదు బిడ్డా" అంది మా అమ్మ.

సంవత్సరం తర్వాత ఆ మాట గ్రాఫ్ కాగితం మీద తేలింది. జంప్-1 పల్లె వెలుగు, జంప్-2 ఎక్స్‌ప్రెస్. వాడి లెక్కలో అంతే.

అప్‌గ్రేడ్ మాత్రం అనుకున్నంత తేలిగ్గా కాలేదు. ఆ రాత్రి ముగ్గురం కూర్చున్నాం. చిన్నది కూడా వచ్చి పాచికలు నోట్లో పెట్టుకోబోయింది. జంప్ ఇంజన్ ఒక్కటీ మార్చి ఊరుకుంటే సరిపోదు. అది 10 నుంచి 15 టన్నులవుతుంది. దానికి కరెంటు ఇచ్చే ప్లాంటు 4 నుంచి 7. మామూలు హల్లులో, అంటే ఓడ డొల్లలో, ఇంజన్ గది 15 టన్నులే, ఇప్పుడు 23 కావాలి. కాబట్టి హల్లే కొత్తగా చేయించుకోవాలి. జంప్ ఇంధనం ఓడలో పదోవంతు ఉండేది ఐదోవంతు అవుతుంది, 40 టన్నులు. ప్లాంటుకి ఇంకో 20. అన్నీ తీసేస్తే సరుకుకి మిగిలింది 44.

"సగమైపోయిందిగా," అన్నాను.

"కానీ దూరం డబుల్."

"దూరం వెళ్తే ఎక్కువ ఇస్తారా?"

పుస్తకం తిరగేశాడు. ఇవ్వరు. ఎంత దూరమైనా దూకుడుకి టన్నుకు వెయ్యి క్రెడిట్లే. పాత ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకునే విషయం ఇదేనట. నాకైతే డిజైనర్ మీద కోపమే వచ్చింది, దూరం వెళ్లేవాడి కష్టానికి ధర కట్టలేదని. మావారు మాత్రం ఇక్కడే రంగంలోకి దిగారు. ఆయనకు అప్పులంటే ప్రాణం. ఫ్రీ ట్రేడర్ ధర 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు. ఐదోవంతు ముందు కట్టాలి. తర్వాత ధరలో 240వ వంతు చొప్పున నెలనెలా, 480 నెలలు. అంటే నలభై ఏళ్లు. మా ఇంటి లోను ముప్పై ఏళ్లదే అని నేను పొంగిపోతుంటే ఆయన వాయిదా తేల్చారు, నెలకు 1,54,500. నెలకు రెండు ట్రిప్పులు, ఓడ నిండా సరుకు దొరికితే 1,64,000. జీతాలూ ఇంధనమూ అందులోంచే. ప్రయాణికులు దొరక్కపోతే ఓడ గల్లంతే. ఇక ఎక్స్‌ప్రెస్ సంగతి, సరుకు మీద రాబడి 88,000. కొత్త హల్లుతో కలిపి వాయిదా దాదాపు రెట్టింపు.

"మీ ఎక్స్‌ప్రెస్‌ను బ్యాంకువాళ్లు మూడో నెల్లో పట్టుకుపోతారు" అన్నారు.

మావాడి మొహం చిన్నబోయింది. "ఆర్టీసీకి మాత్రం జీరో టికెట్ డబ్బులు గవర్నమెంట్ ఇస్తుంది కదా," అన్నాడు. ఎక్కడ చదివాడో నాకు తెలీదు.

నిరుత్సాహపడ్డాడని మావారు పుష్పక విమానం ఎత్తుకున్నారు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది, ఆ పేరు పెట్టుకో అని. వాడు ఒక్క ముక్కలో కొట్టేశాడు. "అది చీటింగ్ నాన్నా. 200 అంటే 200." నాకు వాడి మాటే నచ్చింది. కథలుగా చెప్పడానికి పుష్పకం బాగుంటుంది గానీ, ఇరవై ఏళ్ల కింద రెండు సూట్‌కేసులతో వచ్చినవాళ్లం, ఏది తీస్తే ఏది పడుతుందో మాకు తెలియనిది కాదు.

ఆ ఆటలో ఇంకో సంగతి ఉంది. నక్షత్రాల మధ్య ఫోన్ లేదు, రేడియో లేదు. ఏ వార్తైనా ఓడలోనే వెళ్లాలి. ఉత్తరంలాగా. పక్క గ్రహంలో రాజు మారినా నీకు తెలిసేసరికి వారం. ఇది చదివాక మావాడు ఒకరోజు కారులో అడిగాడు, తాతయ్య పోయినప్పుడు మీకు ఎంతసేపటికి తెలిసిందని.

2020 మే. అప్పటికి రెండు నెలలుగా మామూలు అంతర్జాతీయ విమానాలు లేవు. మా తమ్ముడు ఫోన్ చేసింది నాన్న పోయిన పది నిమిషాలకు. అంత్యక్రియలు వాట్సాప్‌లో చూశాను, మధ్యలో రెండుసార్లు కట్ అయింది. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కేసరికి ఏడాదిన్నర.

"పది నిమిషాలు," అన్నాను. "మేం చేరడానికి మాత్రం ఏడాదిన్నర."

"ఆటలో ఉల్టా," అన్నాడు. "ఓడ వచ్చాకే వార్త వస్తుంది." కాసేపాగి, "అది బెటరేమో," అన్నాడు. బెటరో కాదో నాకిప్పటికీ తేలలేదు. సిగ్నల్ గ్రీన్ పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు.

తర్వాతి శనివారం చూస్తే కాగితం మారిపోయి ఉంది. జంప్-2 కొట్టేశాడు. పాత హల్లే, పాత ఇంజన్లే, జంప్-1. మార్చింది ఒక్కటే. గడ్డకట్టించే అరలు ఇరవైనీ పీకేశాడు. అలా వచ్చిన 10 టన్నుల్లో రెండు గదులు, 8 టన్నులు. మిగిలిన 2 టన్నుల దగ్గర 'వంటిల్లు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాడు, తెలుగులో 'ంట' రాక.

"ఇదేం అప్‌గ్రేడ్‌రా, స్పీడ్ పెరగలేదు, దూరం పెరగలేదు."

"అమ్మమ్మని ఆ డబ్బాలో ఎలా పెడతాం? 5 పడకపోతే?"

మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చిన ప్రతిసారీ ఆరు నెలలు మావాడి గదిలోనే ఉంటుంది, వాడు చెల్లెలి గదిలో కింద పరుపు వేసుకుంటాడు. రెండో గది ఎవరికంటే, అది తనకేనన్నాడు.

శుక్రవారం రాత్రి మా బేస్‌మెంట్‌లో ఆట జరిగింది. వీడు కథ నడుపుతున్నాడు, ముగ్గురు స్నేహితులు ఆడుతున్నారు. నేను మిర్చి బజ్జీలు ఇవ్వడానికి దిగాను (వాళ్లకు కారం తక్కువ, మావాడికి మామూలు). పైలట్‌గా ఉన్న పిల్లాడు, వాళ్లది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, ఈ గ్రహంలో సరుకు లేదు, ప్రయాణికులు లేరు, ఇక్కడెందుకు ఆగుతున్నామని గొడవ పెడుతున్నాడు.

"స్టేజీ ఉంది," అన్నాడు మావాడు, తెలుగులోనే.

అదేమిటో ఎవరూ అడగలేదు. సరుకు దింపారు, ఎవరో ముసలావిడను ఎక్కించుకున్నారు, పాచికలు వేశారు. ఇంజన్ రాజేయాల్సి వచ్చినప్పుడు ముగ్గురూ బల్ల చరిచి అరిచారు. "రైట్ రైట్!"

మర్నాడు పొద్దున మా అమ్మకు వీడియో కాల్. మావాడు కాగితాన్ని కెమెరాకు అడ్డంగా పెట్టి పేరు చదివాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని చూసింది.

"పల్లె వెలుగా? మంచిగనే రాసినవ్. మరి మన స్టేజీ కాడ ఆపుతరా?"

"ఆపుతం అమ్మమ్మా," అన్నాడు వాడు, ఆమె యాసలోనే. "ఆధార్ కార్డ్ పట్టుకొని రా."