ఎర్ర కుళాయి చన్నీళ్లు

ఎండాకాలం వచ్చిందంటే దుబాయ్‌లో మా లేబర్ క్యాంపు బాత్రూముల్లో కుళాయిలు తారుమారవుతాయి. నీలం గుర్తున్నది తిప్పితే ఒళ్లు కాలే నీళ్లు, ఎర్ర గుర్తున్నది తిప్పితే చన్నీళ్లు. పైన ట్యాంకులు పగలంతా ఎండకి కాగుతాయి, నీలం కుళాయిలోకి నేరుగా వచ్చేవి ఆ నీళ్లే. గీజరు స్విచ్చి ఆపేస్తే అందులో నిలవున్న నీళ్లు మెల్లగా చల్లబడతాయి. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ సంగతి ఎవరూ చెప్పక వారం రోజులు వీపు కాల్చుకున్నాను. ఇంకో చిక్కుంది. గీజరులో పట్టేది కొంచెమే. ముందు ఇద్దరు పోసుకున్నారంటే మూడోవాడికి మళ్లీ ట్యాంకు నీళ్లే గతి. నేను మూడున్నరకే లేస్తానని ఫోర్‌మన్ మెచ్చుకుంటాడు గానీ, అసలు కారణం ఆ రెండు బకెట్లు.

మా క్యాంపు సోనాపూర్‌లో. కాగితాల మీద ముహైస్నా-2, నోటి మాటలో బంగారు ఊరు. నాలుగుంబావుకి బస్సు. ఎక్కగానే తలనూనె, సబ్బు, సరిగ్గా ఆరని కవరాల్ బట్ట, మూడూ కలిసిన వాసన. కూర్చున్న రెండు నిమిషాలకి అది తెలియడం మానేస్తుంది. ఏసీ గాలికి తల కిటికీకి ఆన్చి నిద్రపోతాం, అద్దం అదురు పళ్లలోకి దిగుతుంటుంది. సైట్ దగ్గర తలుపు తెరిస్తే ఆగస్టు గాలి వేడి తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది. సేఫ్టీ కళ్లద్దాలు క్షణంలో తెల్లబడతాయి. దిగినవాడు దిగినచోటే ఆగి తుడుచుకుంటాడు, వెనకవాడు తిడతాడు, వాడూ దిగాక అదే పని చేస్తాడు.

నాది స్టీలు పని, రాడ్లు కట్టడం. తెల్లారుజామున రాడ్డు మీద సన్నగా తడి ఉంటుంది. గ్లవ్స్ తీసి చెయ్యి వాసన చూస్తే, చిల్లర చాలాసేపు గుప్పిట్లో పట్టుకున్నట్టు ఉంటుంది. స్నానం చేసినా గోళ్ల కింద నుంచి ఆ వాసన పోదు. బైండింగ్ వైరు హుక్కుకి తగిలించి తిప్పితే మొదట వదులుగా జారుతుంది, రెండో మెలికకి బిగువు మణికట్టుకి అందుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో అర మెలిక పోతే టప్‌మని తెగుతుంది. ఎక్కడ ఆపాలో నాకు నేర్పినవాడు కూడా నోటితో చెప్పలేకపోయాడు. నా చేతి మీద చెయ్యి వేసి తిప్పించాడు, అంతే. తొమ్మిది దాటాక రాడ్డు గ్లవ్స్‌లోంచి కూడా చురుక్కుమంటుంది. రాడ్ల మీద మోకాలు ఆన్చడం అప్పటికే మానేసి ఉంటాం.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. తప్పితే కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల జరిమానా. జులైలో మసీదు నుంచి అజా వినపడిన కాసేపటికే క్రేను ఆగుతుంది. పొద్దుటి నుంచి చెవుల్లో ఉన్న కటింగ్ మెషీన్ రొద ఒక్కసారి తెగిపోతుంది. అప్పుడు గానీ తెలియదు అది అంత పెద్దదని. షెడ్డులో అట్టముక్కలు పరుచుకుని, హెల్మెట్ తలకింద పెట్టుకుని పడుకుంటాం. కూలరు గొణుగుడు, ఎవరిదో గురక, నా పక్కనే ఎవరో ఇంటికి ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడుతుంటాడు. అక్కడ గంటన్నర ముందు. పిల్లలు ఇంకా బడి నుంచి రాలేదని వాళ్లావిడ చెబుతుంటే స్పీకర్ లేకపోయినా వినపడుతుంది. వినకూడదని అటు తిరిగి పడుకుంటాను, అయినా వింటాను.

ఎండాకాలంలో కాంక్రీటు చాలావరకు రాత్రిపూటే. ప్లాంటులో ఐసు కలిపి పంపిస్తారు, ఇంజనీరు దాంట్లో థర్మామీటరు గుచ్చి చూశాకే పోయనిస్తాడు. మాకేమో నీళ్లకి గీజరు క్యూ! మొదట్లో నవ్వొచ్చేది.

మొన్న నవంబరులో ఒక పొద్దున నేను ఎప్పట్లాగే చీకట్లో ఎర్ర కుళాయి తిప్పి నెత్తి మీద గుమ్మరించుకున్నాను. కెవ్వుమన్నాను. రాత్రి ఎవరో స్విచ్చి వేశారు.

"చలి మొదలైంది కదన్నా," అన్నాడు తలుపవతల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, భయంభయంగా.