గులాబీ కాగితం, తెల్ల కాగితం: పంచాయతీ ఎన్నికల సామగ్రి విధుల్లో నా అనుభవం

తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా మండలం మూడో విడతలో ఉంది. మండల పరిషత్ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న నాకు ఎంపీడీవో గారు పోలింగ్ సామగ్రి, బ్యాలెట్ పత్రాల బాధ్యత అప్పగించారు. శాసనసభ ఎన్నికల్లో పనిచేసిన అనుభవం ఉంది కాబట్టి ఇదీ అలాంటిదే అనుకునేవాళ్లు మా కార్యాలయంలోనే చాలామంది ఉన్నారు. అయితే అక్కడ ఈవీఎంలు ఉంటాయి, వాటి లెక్క వాటిలోనే ఉంటుంది. ఇక్కడ ఇనుప పెట్టెలు, కాగితాలు మాత్రమే ఉంటాయి కనుక ప్రతి కాగితానికీ లెక్కను మనుషులే పట్టాలి.

మొదట పెట్టెల సంగతి చెబుతాను. గోదాములో ఏళ్ల తరబడి ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్న పెట్టెలకు దుమ్ము, తుప్పు పట్టి ఉంటాయి. వాటిని దింపించి, తుడిపించి, కీళ్లకు నూనె వేయించి, ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకుని చూశాం. పైకి బాగా కనిపించే పెట్టెకు మూత సరిగా కూర్చోకపోవచ్చు. మూత బిగించిన తర్వాత ఓటు వేసే సందులోంచి కాగితం సాఫీగా జారాలి, కాని వేసిన కాగితం వెనక్కి లాగితే రాకూడదు. అందుకని ఓ తెల్ల కాగితాన్ని బ్యాలెట్ పత్రం మాదిరిగానే నాలుగు మడతలు పెట్టి ప్రతి పెట్టెలోనూ వేసి చూశాం. కొన్నింటిలో సందు అంచు లోపలికి వంగి కాగితం చిరుగుతోంది. వాటిని మరమ్మతుకు పంపి, బాగుపడనివాటిని పక్కన పెట్టాం. ఆ తర్వాత పేపర్ సీల్ అమర్చే చోటు చూడాలి. పోలింగ్ మొదలయ్యే ముందు అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లు సంతకం చేసిన ఆ కాగితపు సీలు చిరగకుండా పెట్టె తెరవడం సాధ్యం కాకూడదు. నా దృష్టిలో పెట్టెకు ఉండవలసిన లక్షణాలన్నింటిలో ముఖ్యమైనది ఇదే. చివరకు ప్రతి పెట్టెకూ పెయింటుతో సంఖ్య వేయించి, ఆ సంఖ్యను రిజిస్టరులో ఎక్కించాం.

బ్యాలెట్ పత్రాల పద్ధతి తెలియనివారికి కొంత వివరించాలి. పంచాయతీ ఎన్నికల్లో ఓటరుకు రెండు పత్రాలు ఇస్తారు. గులాబీ రంగుది సర్పంచ్‌కు, తెల్లది వార్డు సభ్యుడికి. వాటి మీద అభ్యర్థుల పేర్లు ఉండవు, గుర్తులు మాత్రమే ఉంటాయి, చివర నోటా ఉంటుంది. ఉపసంహరణ గడువు ముగిసిన తర్వాత పోలింగుకు మిగిలే కొద్ది రోజుల్లో రాష్ట్రంలోని ప్రతి వార్డుకూ పేర్లతో విడివిడిగా పత్రాలు ముద్రించడం అయ్యే పని కాదు. అందుకే ఇద్దరు పోటీలో ఉంటే ఒక రకం, ముగ్గురుంటే ఒక రకం, నలుగురుంటే మరొక రకం చొప్పున ముందుగానే అచ్చువేసి పంపుతారు. పోటీలో మిగిలినవారి పేర్లను తెలుగు అక్షరక్రమంలో రాసి, జాబితాలోని గుర్తులను అదే వరుసలో కేటాయిస్తారు. సర్పంచ్‌కు మొదటి పేరుకు ఉంగరం, రెండో పేరుకు కత్తెర, మూడో పేరుకు ఫుట్‌బాల్ అన్నమాట. వార్డుకు గౌను, గ్యాస్ పొయ్యితో మొదలవుతుంది.

జిల్లా కేంద్రం నుంచి పోలీసు బందోబస్తుతో పత్రాలు వచ్చిన రోజు మేము ఒక గది ఖాళీ చేయించి, కిటికీలకు చెక్కలు కొట్టించి, తలుపుకు రెండు తాళాలు వేసే ఏర్పాటు చేశాం. ఒక తాళంచెవి ఎంపీడీవో గారి దగ్గర, రెండోది నా దగ్గర ఉండేది. గది తెరిచిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో పుస్తకంలో రాసి సంతకాలు పెట్టేవాళ్లం. కట్టలు లెక్కపెట్టి తీసుకుంటే సరిపోతుందని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. పత్రాలు కుట్టి ఉన్న ప్రతి పుస్తకాన్నీ మొదటి సంఖ్య నుంచి చివరి సంఖ్య దాకా తిరగేయించాను. ముగ్గురు అభ్యర్థుల రకానికి చెందిన ఒక గులాబీ పుస్తకంలో ఒక వరుస సంఖ్య గల పత్రమే లేదు. దాని ముందుదీ తర్వాతదీ ఉన్నాయి. అచ్చులోనో, కుట్టులోనో జారిపోయి ఉంటుంది. అట్ట మీద ఉన్న మొత్తాన్ని నమ్మి ఆ పుస్తకాన్ని పోలింగ్ కేంద్రానికి పంపి ఉంటే, ఆ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి సాయంత్రం లెక్క రాసేటప్పుడు ఒక పత్రం తక్కువ వచ్చేది. ఓట్ల తేడా ఒకటో రెండో ఉండే ఊళ్లలో ఆ ఒక్క కాగితం ఎంత గొడవకు దారితీస్తుందో పల్లెల్లో పనిచేసినవారికి వేరే చెప్పనవసరం లేదు. వెంటనే ఎంపీడీవో గారి సమక్షంలో పంచనామా రాసి, ఆ పుస్తకాన్ని వాడకుండా విడిగా సీలు చేసి, పై అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేశాం.

ఉపసంహరణ గడువు మధ్యాహ్నం 3 గంటలకు ముగిసింది. ఆ రాత్రే అసలు పని మొదలైంది. నామినేషన్లు చూసే రిటర్నింగ్ అధికారుల నుంచి ఒక్కో పంచాయతీ అభ్యర్థుల తుది జాబితా వస్తుంటే, దాని ప్రకారం సర్పంచ్‌కు ఏ రకం, ఒక్కో వార్డుకు ఏ రకం, ఎన్ని పత్రాలు కావాలో పట్టిక వేసుకున్నాం. ఇక్కడ తికమక పెట్టేవి ఏకగ్రీవాలు. సర్పంచ్ పదవికి పోటీ ఉండి వార్డు ఏకగ్రీవమైతే ఆ కేంద్రానికి గులాబీ పత్రాలే వెళ్లాలి. సర్పంచ్ ఏకగ్రీవమై వార్డుకు పోటీ ఉంటే తెల్లవే వెళ్లాలి. ఒకే ఊళ్లో పక్కపక్క వార్డుల్లో ఒకచోట ఇద్దరు, ఇంకోచోట నలుగురు అభ్యర్థులు ఉంటారు కాబట్టి తెల్ల పత్రాల రకం వార్డు వార్డుకూ మారుతుంది. ఒక వార్డు కట్ట మరో వార్డు సంచిలో పడితే అక్కడ పోలింగే ఆగిపోతుంది. అందుకని కట్టలు వేసినవాళ్లు కాకుండా వేరే ఇద్దరు వచ్చి, పట్టిక చూడకుండా ముందు కట్ట మీది గుర్తులు లెక్కపెట్టి పైకి చెప్పాలని, ఆ తర్వాతే మూడోవారు పట్టికతో సరిచూడాలని పద్ధతి పెట్టాను. పని నెమ్మదిగా సాగింది, కొందరు విసుక్కున్నారు కూడా. అయినా ఆ పద్ధతి మానలేదు, ఇప్పటికీ అదే సరైనదని నా నమ్మకం.

పోలింగుకు ముందురోజు జూనియర్ కళాశాల ఆవరణలో పంపిణీ కేంద్రం పెట్టాం. పెట్టె, పత్రాలు, ఓటర్ల జాబితాలు, పేపర్ సీళ్లు, అడ్రస్ ట్యాగులు, ఓటు వేసే స్వస్తిక్ ముద్రలు, పత్రం వెనుక వేసే కేంద్రం ముద్ర, చెరగని సిరా, ఇత్తడి సీలు, లక్క, కొవ్వొత్తి, దారం, ఫారాలు, కవర్లు అన్నీ ఒక సంచిలో సర్ది ఉంచాం. సామగ్రి తీసుకోగానే వ్యాను వైపు నడవకుండా, అక్కడే చెట్ల కింద కూర్చుని సరిచూసుకోవాలని మైకులో పదే పదే చెప్పించాం. కొద్దిసేపటికి ఒక ఉపాధ్యాయుడు వెనక్కి వచ్చి, “మేడం, మాకు గులాబీవే ఇచ్చిండ్రు, తెల్లవి ఇయ్యలేదు” అన్నారు. “మీ వార్డు ఏకగ్రీవం సార్, మీ కేంద్రంలో సర్పంచ్ ఓటు ఒక్కటే” అని తుది జాబితా చూపించాను. ఆయన అడగడం నాకెంతో సంతోషం కలిగించింది. ఆ మాట అక్కడ కాకుండా మరునాడు ఉదయం 7 గంటలకు ఓటర్ల ముందు తేలి ఉంటే ఎవరూ ఏ జవాబూ నమ్మేవారు కాదు.

కొత్తగా విధులకు వచ్చినవారికి నేను దగ్గరుండి చూపించింది మడత. ఓటరుకు పత్రం ఇచ్చే ముందే దాన్ని మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, మళ్లీ విప్పి ఇవ్వాలి. ఓటరు ముద్ర వేశాక అవే గీతల వెంట మడుస్తారు. మడత తారుమారైతే ఉంగరం మీద వేసిన ముద్ర తడి ఆరకముందే కత్తెర మీద అంటుకుని, లెక్కింపులో ఓటు ఎవరిదన్న వాదన పుడుతుంది. వేలిముద్ర కౌంటర్‌ఫాయిల్ (పత్రం చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క) మీద వేయించిన తర్వాత ఓటరు వేలు తుడిపించడం కూడా ఇలాంటిదే. ఆ సిరా మరక పత్రం మీద పడకూడదు.

పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు, లెక్కింపు 2 గంటల నుంచి అదే ఊళ్లో. ఓట్లున్న పెట్టె ఊరు దాటదు, రాత్రి ఎక్కడా నిలవ ఉండదు. పంచాయతీ ఎన్నికల ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే. నేను ఆ రోజు రిజర్వు సామగ్రితో ఒక రూట్లో తిరుగుతూ ఓ పాఠశాలలో లెక్కింపు చూశాను. ఏజెంట్లకు పేపర్ సీలు సంఖ్య చూపించి, ఉదయం వాళ్లు రాసుకున్న సంఖ్యతో సరిపోయిందని వాళ్లతోనే అనిపించి పెట్టె తెరిచారు. గులాబీవి, తెల్లవి వేరుచేసి, ప్రిసైడింగ్ అధికారి లెక్కతో మొత్తం సరిచూసి, ఆ తర్వాత 25 చొప్పున కట్టలు కట్టారు. సర్పంచ్ పత్రాలను అన్ని వార్డులవీ కలిపాకే లెక్కించారు, కాబట్టి ఏ వార్డు ఎటు మొగ్గిందో ఎవరికీ తెలిసే వీలుండదు.

ఫలితం ప్రకటించి, ఉప సర్పంచ్ ఎన్నిక కూడా ముగించుకుని బృందాలు మా దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల బాగా పొద్దుపోయింది. అందరూ అలసిపోయి ఉంటారు, సంచి అక్కడ పెట్టి వెళ్లిపోవాలని చూస్తారు. అయినా లెక్కించిన పత్రాలు, చెల్లనివి, వాడనివి, కౌంటర్‌ఫాయిళ్లు, గుర్తులు పెట్టిన ఓటర్ల జాబితా వేర్వేరు కవర్లలో ఉన్నాయా, లక్క సీలు స్పష్టంగా పడిందా, పైన పంచాయతీ, వార్డు వివరాలు ఉన్నాయా అని చూసిన తర్వాతే రసీదు ఇచ్చాం. ఒక బృందం వాడని పత్రాల కవరుకు సీలు వేయకుండా తెచ్చింది. వాళ్లను కూర్చోబెట్టి, ఇచ్చిన సంఖ్యలోంచి వాడిన సంఖ్య తీసేసి, మిగిలిన పత్రాలు అంతే ఉన్నాయని వాళ్ల చేతే లెక్కపెట్టించి, అక్కడే లక్క కరిగించి సీలు వేయించాం.

ఆ కవర్లన్నీ పంచాయతీల వారీగా ట్రంకు పెట్టెల్లో సర్ది, జాబితాలు రాసి, సీలు చేశాం. ఎన్నికల ట్రిబ్యునల్ గాని న్యాయస్థానం గాని ఉత్తర్వు ఇస్తే తప్ప వాటిని ఎవరూ తెరవరాదు. ఖాళీ అయిన బ్యాలెట్ పెట్టెలను తుడిపించి, సంఖ్యల వారీగా రిజిస్టరులో జమ కట్టి, ఈసారి మూతల కింద నూనె గుడ్డ పెట్టించి గోదాముకు పంపాను. తర్వాత ఏ ఎన్నికకు వాటిని దింపినా ఏ పెట్టె మరమ్మతుకు వెళ్లింది, ఏది పనికిరాదు అన్నది ఆ రిజిస్టరు చివరి పేజీల్లో ఉంటుంది.