తుంగతో నా తగువు

నిన్న సాయంత్రం బెండ మడి అంతా వంగి వెతికితే రెండంటే రెండే తుంగ కలుపు మొలకలు దొరికాయి. ఈ మాట రాయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మందు చుక్క వాడలేదు, అది మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను.

పురుగులతో అంత బాధ లేదు. చిక్కుడు మీద పేనుబంకకి లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి ఎండ దిగాక కొట్టాను. అక్షింతల పురుగులు కనబడ్డాక అదీ మానేశాను, పేనుని అవే తింటాయి. బీరపిందెలని పండు ఈగ పొడవకుండా కాగితం సంచులు తొడిగాను. పుచ్చిన కాయల్ని పెంటకుప్ప మీద వేయకండి. అందులోని పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది, నీళ్ళ బకెట్లో ముంచేయండి. నత్తలకైతే రాత్రి తడి గోనెసంచి పరిస్తే పొద్దున్నకి దాని కిందే దొరుకుతాయి.

ఇక తుంగ. ఒక నర్సరీలో కొన్న మల్లె అంటు కవర్లో మట్టితో పాటు వచ్చిందది. చేత్తో పీకితే రెట్టింపైంది. అట్టలు పరిచి కొబ్బరాకులు కప్పితే సూదిలా పొడుచుకుని పైకొచ్చింది. మందుల కొట్టాయన్ని అడిగితే "తుంగకి గ్లైఫోసేటే మేడం, మిగతావన్నీ టైం వేస్ట్" అని ఆ కలుపు మందు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని పెస్ట్ కంట్రోల్ వాళ్ళే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది కదా అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుకి నాకు పంతం వచ్చింది.

పంతం కొద్దీ ఫోన్లో ఎవరో చూపించినట్టు వెనిగర్, రాళ్ళ ఉప్పు, అంట్లు తోమే సబ్బు కలిపి ఏప్రిల్ ఎండలో పోశాను. మర్నాటికి తుంగ మాడిపోయింది. మావారిని పిలిచి మరీ చూపించాను. పది రోజుల్లో అదే చోట పచ్చగా లేచింది! మాడింది ఆకే, గడ్డ కాదు. ఈలోగా నా బెండ మొక్కలు అంచుల నుంచి ఎండిపోయాయి. దడి అవతల పక్కింటి మామ్మగారి కనకాంబరాలు కూడా పోయాయి.

మాది కోనసీమలో రాజోలు దాటాక సముద్రం వైపు. మామ్మగారు దడి మీంచి చూసి, వీధిలో అందరూ వినేలా అంది: "ఇక్కడ నేలకి ఉప్పు తక్కువైందని కొనుక్కొచ్చి పోశావుటే!"

మంచినీళ్ళు బాగా పెట్టి ఉప్పుని కిందికి దించాలి. కానీ అప్పటికే కాలువలకి నీళ్ళు ఆపేశారు, మా బోరు నీళ్ళే ఉప్పన. వానలు పడేదాకా ఆ బోడి మడిని చూస్తూ, మామ్మగారి కంట పడకుండా తిరిగాను.

వానలకి నేల మెత్తబడ్డాక గునపంతో తవ్వితే అసలు సంగతి బయటపడింది. జానెడు లోతులో గడ్డలు గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పైన పీకితే గొలుసు తెగి, నిద్రపోతున్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. అన్నాళ్ళూ పీకుతున్నాననుకుని నాటానన్నమాట. దొరికినన్ని గడ్డలు ఏరాను. తర్వాత కొత్త మొలకకి నాలుగైదు ఆకులు రాకముందే, పదిహేను రోజులకోసారి, గడ్డతో సహా తీశాను. ఒక్కసారి పెళ్ళికని ఊరెళ్ళి మానేస్తే మళ్ళీ నెల వెనక్కి పోయాను. ఖాళీ నేలంతా చిలకడదుంప తీగ పాకించాను. తుంగకి నీడ పడదు, కొట్టాయన ఈ ముక్క చెప్పుంటే సగం శ్రమ తప్పేది.

మామ్మగారికి కొత్త కనకాంబరం మొక్కలు తెచ్చిచ్చాను. నాటుకుంది గానీ నా వైపు మాత్రం ఇటుకలు పేర్చుకుంది. మొన్న చేట పట్టుకుని తనే వచ్చింది, సున్నిపిండిలోకి తుంగముస్తలు, అంటే ఈ గడ్డలే, కావాలట. బస్తాడు గడ్డలు ఎండబెట్టి ఉన్నాయి, తీసుకెళ్ళమన్నాను.