రాదు, లేను, లేకపోయాను: స్పానిష్ కాగితాలతో నా అనుభవం

వెన్నునొప్పితో పనికి దూరమైన ఒక మెక్సికో కార్మికుడి దస్త్రాన్ని స్పానిష్ నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చే పని నాకు వచ్చినప్పుడు, అందులో వైద్య పదాలే ఇబ్బంది పెడతాయనుకున్నాను. వాటికి నిఘంటువు సరిపోయింది. ఎటూ తేలనివి ‘చేయలేకపోవడం’ చుట్టూ తిరిగే మామూలు మాటలే.

దస్త్రంలో మొదటిది అక్కడి సామాజిక భద్రతా సంస్థ ఇచ్చిన ‘ఇన్‌కపాసిదాద్’ పత్రం. ఆ మాటకు నిఘంటువు చూపే ఇన్‌కెపాసిటీ, డిసెబిలిటీ వంటి వాటిలో ఏది రాసినా, ఆ మనిషి ఇక ఏ పనికీ పనికిరాడని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది. మెక్సికో చట్టం ప్రకారం పని వల్ల కలిగిన ప్రమాదమైతే మొదటి రోజు నుంచి నమోదైన జీతంలో 100 శాతం, సాధారణ అనారోగ్యమైతే నాలుగో రోజు నుంచి 60 శాతం భత్యం ఇస్తారు. ఈ పత్రంలో చెల్లింపు నాలుగో రోజు నుంచే మొదలైంది, గడువు కూడా వేసి ఉంది. కాబట్టి ఇది మన ఆఫీసుల్లో సిక్ లీవ్ అనేదే, అలాగే రాశాను. ‘పెర్మనెంతె’ అన్న విశేషణం తోడై ఉంటే డిసెబిలిటీ అనక తప్పేది కాదు. ఇదే ఇన్‌కపాసిదాద్ పెరూ రాజ్యాంగం 113వ అధికరణంలో ‘శాశ్వత నైతిక’ అన్న విశేషణాలతో కనిపిస్తుంది. 2000లో ఫుజిమోరిని, 2020లో విజ్కర్రాను అధ్యక్ష పదవి నుంచి తొలగించింది ఆ కారణం చూపే. అక్కడ సిక్ లీవ్ అంటే నవ్వులపాలే.

తరువాతిది కార్మికుడు స్వయంగా రాసుకున్న ఉత్తరం. జీతం కోత పడుతుంటే ఏమీ చేయలేక కుమిలిపోయానని చెప్పడానికి ఆయన ‘ఇంపొతెన్సియా’ అన్నాడు. దానికి అచ్చుగుద్దినట్టుండే ఇంగ్లిష్ మాట ఇంపొటెన్స్ పెడితే వ్యవహారం పడకగది దాకా పోతుంది, అందుకే హెల్ప్‌లెస్ అన్నాను. ‘హాజరు కావడానికి ఇంపొసిబిలిదాద్’ అన్న ఆఫీసు భాషలోని నామవాచకాన్ని విప్పి, ‘రాలేకపోయినందున’ అనే అర్థం వచ్చేలా క్రియగా మార్చాను.

ఈ దశలో ఇంగ్లిష్ కంటే తెలుగే నాకు ఎక్కువ ఆసరా అయింది. ఈత రాదనడానికీ ఈదలేననడానికీ మనకున్న తేడా స్పానిష్‌లోనూ ఉంది: మొదటిది ‘నో సె నదార్’, రెండోది ‘నో పుయెదొ నదార్’. ఇంగ్లిష్ వాడుక రెండింటినీ కాంట్‌తోనే సరిపెడుతుంది కనుక, కంప్యూటర్ వాడటం రాదన్న వాక్యంలో ‘డోంట్ నో హౌ’ అని విడమరచవలసి వచ్చింది. అలాగే ‘నో పుదె’ అన్నచోట వెళ్లబోయి వెళ్లలేకపోయానన్న ధ్వని ఉంది. ఒట్టి కుడ్‌నాట్‌లో ఆ ప్రయత్నం కనబడదు, అందుచేత ట్రైడ్ అన్న మాటను ముందు చేర్చాను.

అన్నిటికంటే ఎక్కువసేపు నన్ను ఆపింది, ఇంకా కోలుకోకముందే మేస్త్రీ తనను పనికి రమ్మన్నప్పటి వాక్యం: ‘నో సూపె దెసిర్లె కె నో’. మాటకు మాట పెడితే కాదని చెప్పడం తెలియలేదని వస్తుంది, కానీ ఆయన చెబుతున్నది కాదనలేకపోయానని. చివరికి ‘కుడ్‌నాట్ బ్రింగ్ మైసెల్ఫ్ టు సే నో’ అని రాసి దస్త్రం పంపించాను.